ముసలోడి కుడికాలు

నేను కాపురానికి ఖరగ్‌పూర్ వచ్చిన మొదటి ఏడాది మనుషులతో కన్నా కుక్కతో మాట్లాడిందే ఎక్కువ. యాభైల చివరి మాట. శ్రీకాకుళం అవతల పల్లెలో పుట్టి పెరిగినదాన్ని. బెంగాలీ ముక్క రాదు, హిందీ అంతకన్నా రాదు. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్న వర్క్‌షాపు సైరను కూతకి వెళ్లేవారు, సాయంత్రం కూతకి వచ్చేవారు. మా అత్తగారు నోరు విప్పి మాట్లాడే మనిషి కాదు. అప్పటికి మా మావగారు పోయి ఏడాది నిండలేదు. ఆవిడ పొయ్యి ముందు కూర్చుంటే ఇక పొయ్యితోనే ఉండిపోయేవారు. ఆ రెండు గదుల క్వార్టర్లో నా మాట వినే తీరిక వరండాలో గోనెపట్టా మీద పడుకున్న ముసలి కుక్కకి మాత్రమే ఉండేది.

వాడికి ఒక పేరుండేది. ఇక్కడ రాయను. అది మా మావగారు పెట్టిన పేరు. ఆయన పోయాక ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే వాడు లేచి వీధి వైపు చూసేవాడట. అది చూడలేక మా అత్తగారు ముసలోడా అని పిలవడం మొదలుపెట్టారు. ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. కుక్కని పట్టుకుని వాడు, వీడు అంటోందేమిటి ఈవిడ అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. వాణ్ణి అది అని రాయడానికి నాకు చెయ్యి రాదు.

మా మావగారు కూడా వర్క్‌షాపు మనిషే. తుక్కు ఇనుము కుప్పల మధ్య దొరికిన కుక్కపిల్లని అన్నం కేరియరు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చారట. అప్పట్నుంచి రోజూ సాయంత్రం కూత వినబడగానే వాడు వర్క్‌షాపు గేటుకి పరిగెత్తి, ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేవాడట. నేను వచ్చేసరికి పరుగూ లేదు, గేటూ లేదు. వెనక కుడికాలు పట్టేసింది. లేచి నిలబడ్డా ఆ కాలిని నేలకి ఆనించేవాడు కాదు, ఈడ్చుకుంటూ నాలుగడుగులేసి కూలబడిపోయేవాడు. అయినా సాయంత్రం కూత వేసిందంటే మాత్రం, ఎంత మగతలో ఉన్నా, రెండు చెవులూ లేపి తల ఎత్తేవాడు.

ఆ తల ఎత్తడమే నాకు పనికొచ్చింది.

కుక్కపిల్ల అల్లరి అందరికీ ముద్దే. ముసలి కుక్క వాసన ఎవరికీ పడదు. అసలు నాకూ మొదట పడలేదు. కాని వాడు నున్నటి ఎర్ర సిమెంటు నేల మీద లేవబోయి కాళ్లు జారి, బోర్లా పడి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసేవాడు. ఆ చూపు నాకు తెలుసు. బజారులో బెంగాలీ కొట్టువాడు ఏదో అడిగితే అర్థం కాక నేను చూసే చూపు అదే. ఇక వాణ్ణి వదల్లేకపోయాను.

ముందు వరండా నిండా గోనెపట్టాలు పరిచాను, కాళ్లు జారకుండా. ఇంకో గోనెసంచిలో గడ్డి కుక్కి, కుట్టి, పక్క చేశాను. చలికాలం ఆ ఊళ్లో సిమెంటు నేల ఐసు ముక్కే. పొయ్యి ఆర్పే ముందు ఒక ఇటుక వేడిచేసి, పాత గుడ్డలో చుట్టి వాడి నడుం దగ్గర పెట్టేదాన్ని. ఎండాకాలం అదే గోనెపట్టా తడిపి పరిచేదాన్ని. తల వంచి తినడానికి మెడ నొప్పి పడుతున్నాడని గిన్నె కింద రెండు ఇటుకలు పేర్చాను. గోల్‌బజార్‌లో పారేసే చేప తలకాయలు తెచ్చి ఉడకబెట్టి, ముళ్లు ఏరి, ఆ నీళ్లతో అన్నం గుజ్జుగా కలిపి, ఒక్కసారే పెట్టకుండా కొంచెం కొంచెం పెట్టేదాన్ని. బలిసిపోతే కాళ్లు మొయ్యవు కదా. ఊరికే పడుకుంటే కాళ్లే కాదు, బుర్ర కూడా పట్టేస్తుందని నాకు అనిపించేది. అందుకని ఎండుచేప ముక్కలు పెరటి మూలల్లో దాచి, వెతుక్కోరా అని వదిలేదాన్ని. వాడు ముక్కుతో గోడ వారంతా తడుముకుంటూ, ఈడ్చుకుంటూ, చివరికి దొరికించుకునేవాడు. దొరికాక నా వైపు ఒక్క చూపు చూసేవాడు గర్వంగా. మా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి చూసి, "పండగ సేస్తన్నావేటే ముసలోడికి" అనేవారు. ఆవిడ ఎగతాళి చేసినా ఎండుచేప డబ్బా ఎక్కడుందో దాచిపెట్టలేదు.

నూనె సంగతి పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ చెప్పింది. మాషీమా, అంటే పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ వాళ్ల అత్తగారి మోకాళ్లకి రాసే నూనే ఇది. ఆవనూనెలో వెల్లుల్లీ వామూ వేసి కాచి, గోరువెచ్చగా రాయాలి. "గరమ్ కోరే దావ్, బౌమా", వేడి చేసి రాయి కోడలా అని చేతులతో చూపించింది. నాకు అర్థమైన మొదటి బెంగాలీ వాక్యం అది. రోజూ మధ్యాహ్నం వాడి కుడికాలు నా ఒళ్లో పెట్టుకుని తొడ నుంచి పాదం దాకా నూనె రాసి, మెల్లగా మడిచి, చాపేదాన్ని. మొదట్లో గుర్రుమన్నాడు. తర్వాత తర్వాత నూనె గిన్నె చూడగానే తనే కాలు చాపేవాడు.

వరండాకి మెట్లున్నాయి. వాడికి అవి కొండ. పెరట్లోకి దించాలన్నా, ఎక్కించాలన్నా ఎత్తుకోవాలి. మా ఆయన వర్క్‌షాపు దగ్గర పారేసిన పేకింగు పెట్టె పలక ఒకటి తెచ్చి ఏటవాలుగా పెట్టారు. పాదాలు జారుతున్నాయని నేను దాని మీద అడ్డంగా కొబ్బరితాడు ముక్కలు వరసగా మేకులు కొట్టి బిగించాను. మేకులు కొట్టడం రాదు. వేళ్లు చితక్కొట్టుకుని మరీ కొట్టాను. ఆ పలక మీద ముసలోడు మొదటిసారి తనంతట తాను దిగినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. మా ఆయన కూడా కొట్టారు. ఆ రోజుల్లో ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఇప్పుడు చెప్పబోయేది చదివి ఆయన చెడ్డమనిషని అనుకుంటారేమో. కాదు. అదే నా బాధ.

సాయంత్రం కూతకి తల ఎత్తేవాడన్నాను కదా. అదే సమయానికి పలక మీంచి దింపి, నడిపించేదాన్ని. మొదట వీధి చివరి దాకా. కొన్నాళ్లకి కల్వర్టు దాకా. అక్కడ ఇద్దరం కూర్చుని అలుపు తీర్చుకుని వెనక్కి వచ్చేవాళ్లం. చలికాలం అయ్యేసరికి, కూతకి చాలా ముందే బయల్దేరి, గేటు దాకా వెళ్లాం. సైకిళ్ల వరద బయటికొచ్చే వేళకి నేనూ ముసలోడూ గేటు పక్కన గోడ వార నిలబడి ఉన్నాం. మా ఆయన తోటివాళ్లు ఊరుకుంటారా? "ఓరి, నీ పెళ్లాం నిన్ను ఎతుక్కుంటూ వచ్చీసిందిరా! పోలీసుని కూడా ఎంట తెచ్చుకుంది!" అని ఒకటే నవ్వు. ఆయన సిగ్గుపడ్డారు గాని లోలోపల పొంగిపోయారని మొహం చూస్తేనే తెలిసింది. సైకిలు దిగి మా పక్కన నడిపించుకుంటూ వచ్చారు. ఆ రోజు నుంచి రోజూ అంతే. కల్వర్టు దగ్గర ముసలోడు కూలబడితే మేమిద్దరం కూడా కూర్చునేవాళ్లం. కొత్తగా పెళ్లైనవాళ్లకి ఊళ్లో అంతకన్నా ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది?

ఒకసారి ఆ కల్వర్టు మీదే ఆయన నాకు రైల్వే కాలనీ వింత ఒకటి చెప్పారు. ఇళ్లల్లో పిల్లులు ఎక్కువైపోతే ఎవరూ చంపరట, పాపం తగులుతుందని. గోనెసంచిలో పెట్టి, తెలిసిన గూడ్సు గార్డు చేతికి ఇస్తారట. గార్డు బండి చివరి తన పెట్టెలో వేసుకుని, ఎక్కడో బండి ఆగిన చిన్న స్టేషన్లో సంచి మూతి విప్పేస్తాడట. "మన కాలనీ పిల్లులన్నీ ఉద్యోగం సేస్తన్నాయి, ఎక్కడెక్కడికో ట్రాన్స్‌ఫరైపోయి" అన్నారు. నేను పడీ పడీ నవ్వాను. ముసలోడు మా ఇద్దరి మధ్యా పడుకుని ఉన్నాడు.

నాకు నెల తప్పింది. ఏడో నెలలో మా నాన్న వచ్చి పురిటికి తీసుకెళ్తానన్నారు. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. వెళ్తే మళ్లీ బిడ్డకి అయిదో నెల దాకా రావడం ఉండదు. నాకు పుట్టింటికి వెళ్లాలని ఎంత ఉందో ముసలోణ్ణి వదలాలంటే అంత బెంగ. అప్పటికి వాడు కుడి పాదం వేళ్ల కొసలు నేలకి తాకించడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్లు రాస్తే పాదం మొత్తం ఆనిస్తాడని నా నమ్మకం. ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మా ఆయన్ని కూర్చోబెట్టి అన్నీ చూపించాను. నూనె ఎంత వేడి ఉండాలి, కాలు ఎంతవరకు మడవాలి, ఎక్కడ గుర్రుమంటే ఆపాలి. ఆయన నా ముందే రాసి చూపించారు. బాగానే రాశారు.

"మరిచిపోతారు మీరు" అన్నాను.

"మరిసిపోనే. రోజూ రాస్తాను, కూతకి నువ్వు గేటుకాడికి నడిపించినట్టే ఆదివారాలు నేను నడిపిస్తాను. సాలా?" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. నేను అడగలేదు. తనే వేశారు.

రిక్షా కదిలినప్పుడు ముసలోడు పలక దిగి, వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. వెనక మా ఆయన వాడి మెడ మీద చెయ్యి వేసి ఉన్నారు. ఆ బొమ్మే కళ్లలో పెట్టుకుని నేను స్టేషను దాకా నిశ్చింతగా వెళ్లాను.

ఆడపిల్ల పుట్టింది. బారసాలకి మా ఆయన రైల్వే పాసు మీద వచ్చారు. పిల్లని చూసి మురిసిపోయారు, ఎత్తుకోవడానికి భయపడ్డారు. మంచం పక్కన కూర్చోగానే నేను అడిగిన మొదటి మాట, ముసలోడు ఎలా ఉన్నాడని.

"బాగున్నాడు. నువ్వు సెప్పినట్టే నూనె రాస్తన్నాను. పలక మీంచి తనే దిగుతున్నాడు. నీ పాత సీర ఒకటి పక్కలో ఏసినాను, దాని మీదే తొంగుంటన్నాడు."

"కుడికాలు ఆనిస్తున్నాడా?"

ఆయన చూపు తిప్పుకున్నారు. పిల్ల వైపు చూశారు. "ఆనిస్తన్నాడు. పాదం మొత్తం ఆనించి నడస్తన్నాడు. కుంటు కూడా అంతగా తెలీడం నేదు" అన్నారు.

నేను పక్క మీద పడుకునే ఏడ్చేశాను సంతోషంతో. మా అమ్మ పరుగున వచ్చి, "బాలింతరాలివి, ఏడవకే" అని కళ్లు తుడిచింది. తుడుస్తూ మా ఆయన వైపు చూసింది. ఆ చూపేమిటో నాకు అప్పుడు తెలీలేదు. ఊళ్లో వచ్చి చూసిన వాళ్లందరికీ పిల్ల సంగతితో పాటు ముసలోడి కుడికాలి సంగతి కూడా చెప్పాను. కుక్క కాలు బాగైందని బాలింతరాలు చెప్పుకుంటుంటే వాళ్లు ఏమనుకున్నారో గాని, నేను మాత్రం ఇద్దర్ని కన్నంత గొప్పగా పొంగిపోయాను.

అయిదో నెలలో పిల్లని ఎత్తుకుని వచ్చాను. రిక్షా మా వీధి మలుపు తిరిగినప్పుడే నేను వరండా వైపు చూశాను. పలక లేదు. గోనెపట్టాలు లేవు. మెట్లు శుభ్రంగా కడిగి, ముగ్గు వేసి ఉన్నాయి. మా అత్తగారు ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ముసలోడేడీ, అత్తా?"

"ముందు కుడికాలు పెట్టి లోపలికి రాయే, పిల్లతోటి" అన్నారావిడ.

లోపలికి వచ్చాక మా ఆయన చెప్పారు. "పోయాడే. పోయిన నెల. నిద్దట్లోనే పోయాడు, బాధ పడనేదు. నీకు సెప్తే ఏడుస్తావని సెప్పనేదు." పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టానని తీసుకెళ్లి చూపించారు. నేల కాస్త ఎత్తుగా ఉంది. నేను అక్కడ కూర్చుని గట్టిగానే ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి పక్కనే నిలబడ్డారు. నాకు ఎంత దుఃఖమున్నా ఆయన మీద జాలి కూడా కలిగింది. పాపం, ఒక్కరే చూసుకున్నారు కదా చివరి దాకా అనుకున్నాను. రోజూ పొద్దున్నే పిల్లకి స్నానం చేయించాక ఒక చెంబు నీళ్లూ, ఉంటే రెండు మందారాలూ ఆ చెట్టు మొదట్లో పెట్టేదాన్ని. ఆయన పళ్లు తోముకుంటూ చూసేవారు. ఒక్కసారీ వద్దనలేదు.

పిల్లకి స్నానం చేయించే పీట కొత్తది. నేను వచ్చేసరికే సిద్ధంగా ఉంది. మా అత్తగారు కాళ్లు చాపుకుని, పీట మీద కూర్చుని, పిల్లని కాళ్ల మీద వేసుకుని నలుగు పెట్టేవారు. ఒకరోజు ఆవిడ పిల్లని తుడవడానికి లోపలికి వెళ్తే, తడి పీట నేను గోడకి చేరవేశాను. ఎండ పడుతోంది. పీట మీద వరసగా చిన్న చిన్న చిల్లులు కనబడ్డాయి. ఒక వరస, కొంచెం ఎడం, ఇంకో వరస. కొన్ని చోట్ల మేకు వంకరపోయి చెక్క చీలిన గుర్తులు. మేకులు కొట్టడం రానివాళ్లు కొట్టిన చోట అలాగే ఉంటుంది.

వేలితో తడిమి చూసుకున్నాను. అవి నా మేకులు.

సరే, ముసలోడు పోయాక పలక ఖాళీగా ఉంది, పీట చేశారు అనుకున్నాను. తప్పేముంది? అంతలో మా అత్తగారు వచ్చి, నేను పీట చూస్తున్నానని మురిసిపోతూ అన్నారు, "నా కొడుకు సేసినాడే. నువ్వు పురిటికి ఎల్లిన వారానికే కూకుని సేసేసినాడు. బిడ్డొస్తాదని అంత తొందర ఆడికి!"

ఆవిడకి అబద్ధం ఆడే ఉద్దేశం లేదు, నిజం చెప్పే ఉద్దేశమూ లేదు. కొడుకు గొప్ప చెప్పుకున్నారు, అంతే. వారానికే పలక పీటైపోతే, బారసాలనాడు ముసలోడు ఏ పలక మీంచి దిగుతున్నాడు? ఏ కాళ్లతో ఆ మెట్లు దిగి, మొన్న మొన్నటి దాకా బతికాడు?

సాయంత్రం కూత వేసింది. మా ఆయన సైకిలు ఆపి లోపలికి వచ్చేసరికి నేను ఆ పీట వరండా మధ్యలో పెట్టుకుని కూర్చున్నాను. చిల్లుల మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన కేరియరు కింద పెట్టి, మెట్టు మీద కూలబడ్డారు.

"గార్డుకి ఇచ్చేసినాను" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత కల్వర్టు మీద నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

"పిల్లుల్ని ఇచ్చినట్టా?"

తల ఊపారు. నేను వెళ్లిన మూడో రోజో నాలుగో రోజో, తెలిసిన గూడ్సు గార్డుతో మాట్లాడి, వాణ్ణి గార్డు పెట్టెలోకి ఎత్తి ఎక్కించారట. ఎందుకంటే, చంటిబిడ్డ వచ్చే ఇంట్లో రోగం కుక్క వద్దని వాళ్లమ్మ అన్నారట. నాతో చెప్తే నేను పురిటికే వెళ్లనని మొండికేస్తానని ఆయనకి తెలుసట. బారసాలకి వచ్చినప్పుడు, నా దగ్గరికి రాకముందే, మా అమ్మకి మాత్రం చెప్పారట. బాలింతకి చెడ్డమాట చెప్తే పాలు ఇంకిపోతాయి, చెప్పొద్దు బాబూ అని మా అమ్మే అందట. జామచెట్టు కింద మట్టి తవ్వి ఎత్తు చేసింది నేను దిగే ముందు రోజు.

అందరూ నా మంచికే. నా పాల కోసం, నా బిడ్డ కోసం. ఒక్కరూ నన్ను అడగలేదు. వాణ్ణి పంపడం ఒక ఎత్తు. ఉత్తి మట్టికి నేను రోజూ నీళ్లు పోస్తుంటే, పళ్లు తోముకుంటూ చూడటం ఇంకో ఎత్తు. దాని కన్నా కుడికాలి సంగతి నన్ను ఎక్కువ కోసింది. నేను ఏ మాట వింటే సంతోషిస్తానో అంత బాగా తెలిసిన మనిషి, ఆ మాటే కల్పించి చెప్పాడు. నా నెత్తి మీద ఒట్టు వేసిన చేత్తోనే గార్డు పెట్టెలోకి ఎత్తాడు.

"ఏ స్టేషను?"

"తెల్దే. అడగనేదు."

"అడగలేదా?"

"అడగనేదు" అన్నారు మళ్లీ.

పక్క క్వార్టరు మాషీమా గోడ అవతల నుంచి మా అరుపులు విని, చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. అంటే ఆవిడకీ తెలుసు. ఊళ్లో తెలియనిది నాకొక్కదానికే.

ఆ పీట నేను పొయ్యిలో పెట్టాను. మా అత్తగారు అడ్డు రాలేదు.

తర్వాత కాపురం చెయ్యలేదా అంటే, చేశాను. ఇంకో పిల్లాడు పుట్టాడు. పండగలకి చీరలు కట్టుకున్నాను, ఆయనకి జ్వరం వస్తే కాపలా కూర్చున్నాను. కాని ఆయన నాతో ఏదైనా మంచి మాట చెప్తే, అది నిజమో, నేను సంతోషిస్తానని చెప్పిందో అని ఒక్కసారి ఆగి చూసుకోకుండా నమ్మడం నాకు మళ్లీ చేతకాలేదు. పిల్ల పరీక్ష పాసైందన్నా ఆ కాగితం నా కళ్లతో చూసేదాన్ని. ఆయనకి అది తెలుసు.

ప్రతి వేసవికీ పాసు మీద మా ఊరు వెళ్లేవాళ్లం. కిటికీ పక్క సీటు నాదే. పిల్లలు ఏడ్చినా ఇచ్చేదాన్ని కాదు. బేల్దా, దాంతన్, జలేశ్వర్, ఆ మధ్యలో బండి ఆగిన ప్రతి చిన్న స్టేషన్లో, ఆ చెట్ల కింద, నీళ్ల కుళాయిల దగ్గర, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ గదుల నీడలో చూసేదాన్ని. అప్పటికి వాడు బతికి ఉండడని నాకు తెలియక కాదు. బతికి ఉండాలంటే కుక్కకి నూరేళ్ల ఆయుష్షు ఉండాలి. అయినా వాడు దిగిన చోటు ఏదో నా కంటపడకుండా దాటిపోవడం నాకు ఇష్టం లేదు. ఆయన ఎదురు సీట్లో పిల్లలకి పల్లీలు ఒలిచి పెడుతూ ఉండేవారు. బయటికి చూసేవారు కాదు.

డెబ్భైలు వచ్చాయి. మా అత్తగారు పోయారు. పాప కాలేజీలో చేరింది. అప్పుడు వర్క్‌షాపులో క్రేను చెయిను జారి, బరువు మీద పడి, మా ఆయన కాలు విరిగింది. ఎడం కాలు. కుడిదైతే కథల్లో లాగ ఉండేది. రైల్వే ఆస్పత్రిలో కట్టు కట్టారు, విప్పారు, ఇంటికి పంపారు. ఎముక అతికింది గాని కాలు పట్టేసింది. నేలకి ఆనించడానికి భయపడేవారు.

ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వరండా మెట్ల మీద పలక వేయించాను, గోనెపట్టాలు పరిచాను. ఆవనూనెలో వెల్లుల్లీ వామూ వేసి కాచాను. మధ్యాహ్నం ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని తొడ నుంచి పాదం దాకా రాసి, మడిచి, చాపేదాన్ని. సాయంత్రం కూత వేస్తే కర్ర చేతికిచ్చి నడిపించేదాన్ని. మొదట వీధి చివరి దాకా, తర్వాత కల్వర్టు దాకా. నూనె వాసన ఇంటినిండా అలుముకుంటే ఇద్దరికీ గుర్తు రాకుండా ఉంటుందా?

ఒక మధ్యాహ్నం నూనె రాస్తుంటే ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. నొప్పేమోనని చెయ్యి ఆపాను.

"నొప్పి కాదే" అన్నారు. "ఆ స్టేషను నాకు తెలుసు."

నేను ఆయన మొహంలోకి చూశాను.

ఆయన ఆ స్టేషను పేరు చెప్పారు. అది కూడా ఇక్కడ రాయను. పాసు మీద వెళ్లిన ప్రతిసారీ ఆ స్టేషన్లో మా బండి ఆగేది. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసిన స్టేషను. ఆయన ఎదురుగా కూర్చుని పల్లీలు ఒలిచిన స్టేషను.

"పంపిన నెలకి ఒక ఆదివారం ఉండబట్టలేక ఎల్లినాను. ఎనక్కి తెచ్చీద్దామనే ఎల్లినాను, నీ తోడు. పేసింజరు దిగేతలికి పాయింట్స్‌మన్ గదికాడ తొంగున్నాడు. ఆల్లు పెట్టింది తింటన్నాడు. నేను పేరెట్టి పిలిసినాను. ముసలోడా అని కాదే, మా నాన్న పెట్టిన పేరే. తల ఎత్తినాడు. లేసినాడు. పలాట్‌ఫారం ఆ సివర్నుంచి ఈ సివరికి నడుసుకుంటూ వచ్చీసినాడు."

"తర్వాత?"

"తిరుగు బండి వచ్చింది. నేను ఎక్కినాను. ఆడు పెట్టె మెట్టు మీద ముందుకాళ్లు పెట్టినాడు, ఎక్కలేకపోయినాడు. నాకేసి సూసినాడు. ఎత్తుదామనుకున్నాను. ఇంటికి తీసుకెల్తే అమ్మ ఏటంటాదో అని..." ఆపేశారు. కళ్లు తుడుచుకుని అన్నారు, "బండి కదిలింది."

నా చేతులు నూనెలోనే ఉన్నాయి. ఎన్నేళ్ల కిందటి సంగతి, కోపంతో ఒళ్లు మండాలి. మండలేదు. నాకు ఒక్కటే ప్రశ్న వచ్చింది. బారసాలనాడు అడిగిన ప్రశ్నే.

"నడిచొచ్చినప్పుడు, కుడికాలు ఆనించాడా?"

ఆయన నా ఒళ్లో ఉన్న తన కాలి వైపు చూసుకున్నారు.

"ఆనించినాడే" అన్నారు. "పాదం మొత్తం ఆనించే నడిసినాడు. కుంటు కూడా అంతగా తెలీనేదు."

అవే మాటలు. బారసాలనాటి మాటలే, ఒక్క ముక్క తేడా లేకుండా. ఇన్నేళ్లూ అది నన్ను మురిపించడానికి కల్పించిన అబద్ధం అనుకున్నాను. ఆ రోజు ఆయన చెప్పిన వాటన్నిట్లో అదొక్కటే నిజం. నేను నూనె రాసి, మడిచి, చాపి నిలబెట్టిన కాలు చివరికి బాగైంది. ఆ కాలితోనే వాడు, తనని రెండోసారి వదిలేసి వెళ్లబోయే మనిషి దగ్గరికి, పేరు పెట్టి పిలిచాడని పలాట్‌ఫారం అంతా నడిచి వెళ్లాడు.

ఆయన కాలు నా ఒళ్లోంచి తీసి మంచం మీద పెట్టాను. చేతులు కడుక్కున్నాను. నూనె గిన్నె లోపల పెట్టి వచ్చి వరండాలో కూర్చున్నాను.

సాయంత్రం కూత వేసింది. ఆయన లేచి, కర్ర అందుకుని, పలక దగ్గరికి వచ్చి నిలబడి నా వైపు చూశారు. నేను లేవలేదు.